పాఠం 3: చైనీస్‌లో నిత్యజీవిత ప్రశ్నలు

3.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు చైనీస్ భాషలో పేరు, చోటు, వేళ, ధర, ఆరోగ్యం గురించి చిన్న చిన్న ప్రశ్నలు అడగగలుగుతారు. ఎదుటివారు ఇచ్చే జవాబులో మీకు కావలసిన మాట ఎక్కడ వస్తుందో గుర్తించగలుగుతారు. 'అవును', 'కాదు' అనే మాటలు లేకుండానే చైనీయులు ఔను, కాదు ఎలా చెబుతారో తెలుసుకుంటారు. చైనీస్ అంటే ఇక్కడ మాండరిన్ అని పిలిచే ప్రామాణిక భాష అని అర్థం. లిపి జోలికి ఈ పాఠంలో పోవడం లేదు.

3.1 పరిచయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి చైనాకు వెళ్లేవారిలో రెండు వర్గాలవారు తరచుగా కనిపిస్తారు. వైద్యవిద్య చదవడానికి వెళ్లే విద్యార్థులు ఒక వర్గం. జజియాంగ్ రాష్ట్రంలోని యివు టోకు బజారుకో, 1957 నుంచి గ్వాంగ్‌జౌలో ఏటా రెండుసార్లు జరిగే కాంటన్ ప్రదర్శనకో సరుకు కోసం వెళ్లే వ్యాపారులు మరో వర్గం. వైద్య విద్యార్థికి తరగతిలో పాఠం ఇంగ్లీషులోనే నడవవచ్చు. కాని వార్డులో మంచం మీద ఉన్న రోగి ఇంగ్లీషు మాట్లాడడు. వ్యాపారికి దుభాషి దొరకవచ్చు. కాని ధర మాట దుభాషి నోటితో కాక తన చెవితో వినగలిగితేనే బేరం తన చేతిలో ఉంటుంది.

ఈ ఇద్దరూ సాధారణంగా ఇంగ్లీషు ద్వారా చైనీస్ నేర్చుకుంటారు, దొరికే పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే ఉంటాయి గనుక. మా అభిప్రాయంలో, కనీసం ప్రశ్నల విషయంలో ఇది చుట్టుదారి. ప్రశ్న వేసే పద్ధతిలో చైనీస్ ఇంగ్లీషు కంటే తెలుగుకు చాలా దగ్గర. ఈ రెండు భాషలకు చుట్టరికం ఏమీ లేదు. పోలిక మాత్రం ఉంది, దానిని వాడుకోవాలి.

3.2 ఈ పాఠంలో ఉచ్చారణ రాసిన పద్ధతి

చైనీస్ ఉచ్చారణను రోమన్ అక్షరాలలో రాసే పిన్యిన్ పద్ధతిని చైనా ప్రభుత్వం 1958లో ఆమోదించింది. దాని రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిన జౌ యౌగ్వాంగ్ (1906–2017) నూట పదకొండేళ్లు జీవించాడు. పిన్యిన్ మంచి పద్ధతే. చిక్కంతా ఆ అక్షరాలను ఇంగ్లీషులా చదవడంతోనే వస్తుంది. పిన్యిన్‌లో 'బి' అక్షరం మన 'బ' కాదు, 'ప'. 'డి' అంటే 'త', 'జి' అంటే 'క'. 'టి' అంటే 'థ', 'కె' అంటే 'ఖ'. అంటే అల్పప్రాణం, మహాప్రాణం అనే తేడా చైనీస్‌కు ప్రాణం. ఇంగ్లీషువారికి ఈ తేడా కొత్త. మీరు ఒకటో తరగతిలోనే వర్ణమాలలో వల్లించారు. అయితే వ్యవహారంలో మనం మహాప్రాణాలను తేలికగా పలికేస్తాం, ఇక్కడ మాత్రం 'థ' అన్నప్పుడు అరచేతిని నోటి ముందు పెట్టుకుంటే గాలి తగలాలి.

మరో సౌకర్యం కూడా ఉంది. చాప, చాలు అన్నప్పుడు మనం పలికే దంత్య చకారం (ౘ) చైనీస్‌లో ఉంది. పిన్యిన్‌లో 'జెడ్' అక్షరం ఆ ధ్వనికే గుర్తు. చిలుకలోని 'చ' వేరు, అదీ ఉంది. నాలుకను 'ట' పలికే చోటికి మడిచి పలికే మరో చకారం కూడా ఉంది. అది తెలుగులో లేదు, దానిని కూడా ఇక్కడ 'చ' అనే రాస్తున్నాం. షి, ఛి, సి అని రాసిన చోట నిజమైన 'ఇ' పలకకూడదు. హల్లు పలికిన చోటనే నాలుకను ఉంచి గొంతును కొనసాగించాలి.

మాట పక్కన ఉన్న అంకె స్వరానికి గుర్తు. 1 అంటే ఎత్తులో సమంగా సాగేది. 2 అంటే కింది నుంచి పైకి లేచేది, సరిగా వినబడక మనం "ఆఁ?" అన్నట్లు. 3 అంటే గొంతు బాగా దిగి, అడుగున ఉండేది. 4 అంటే పై నుంచి ఠక్కున పడేది, "పో!" అని కసిరినట్లు. అంకె లేకపోతే తేలికగా, పొట్టిగా పలకాలి. రెండు 3వ స్వరాలు పక్కపక్కన వస్తే మొదటిది 2గా మారుతుంది. 'నీ3 హావ్3' (నమస్కారం) అని రాసినా పలికేటప్పుడు 'నీ2 హావ్3' అవుతుంది. పుస్తకాలలో దీన్ని మార్చి రాయరు, మేమూ రాయలేదు.

3.3 చివర 'మ' చేర్చడం

తెలుగులో వాక్యాన్ని ప్రశ్నగా మార్చడానికి చివర 'ఆ' చేరుస్తాం. వస్తారు – వస్తారా? చైనీస్‌లో ఆ పని 'మ' చేస్తుంది.

నిన్2 లాయ్2. – మీరు వస్తారు.
నిన్2 లాయ్2 మ? – మీరు వస్తారా?

'నిన్2' అంటే మీరు, 'నీ3' అంటే నువ్వు. ఈ గౌరవభేదం ఇంగ్లీషులో లేదు, మనకు ఉంది. పెద్దవారితో, రోగులతో, కొత్తవారితో నిన్2 వాడితే ఎప్పుడూ తప్పు కాదు. (మేము, మనము అనే తేడా కూడా పెయ్‌చింగ్ వాడుకలో ఉంది. వో3 మన్ అంటే మేము, ౘాన్2 మన్ అంటే మనం. తెలుగువారు సంతోషించవలసిన సంగతి, అందుకే చెప్పాం. మీ ప్రశ్నలకు దీని అవసరం ఇప్పుడే రాదు.)

ఒక తేడా గమనించండి. తెలుగులో 'ఆ'ను ఏ మాటకైనా తగిలించవచ్చు: "మీరు రేపు వెళ్తారా?", "రేపా మీరు వెళ్లేది?" చైనీస్‌లో 'మ' వాక్యం చివరను వదిలి కదలదు. రెండో వాక్యానికి 'రేపు' అన్న మాట ముందు షి4 పెడతారు: నిన్2 షి4 మింగ్2 థ్యెన్1 ఛ్యూ4 మ?

'మ' ముందున్న మాట స్వరం చెడకూడదు. ప్రశ్న కదా అని గొంతు లేపితే అర్థమే మారుతుంది. మాయ్3 అంటే కొనడం, మాయ్4 అంటే అమ్మడం. 'నీ3 మాయ్3 మ?' అంటే కొంటావా, 'నీ3 మాయ్4 మ?' అంటే అమ్ముతావా. యివు బజారులో ఈ రెండింటికి ఉన్న తేడా వివరించనక్కరలేదు.

3.4 'వస్తావా, రావా' పద్ధతి

ప్రశ్నకు రెండో మార్గం, క్రియను చెప్పి వెంటనే దాని వ్యతిరేకాన్ని చెప్పడం. 'లాయ్2 పు లాయ్2?' అంటే 'వస్తారా, రారా?' 'హావ్3 పు హావ్3?' అంటే 'బాగుందా, లేదా?' పు అనేది 'కాదు' అనే అర్థం ఇచ్చే పూ4. ఇలా మధ్యలో ఇరుక్కున్నప్పుడు తేలిపోతుంది. ఉండటం అనే అర్థం ఉన్న యోవ్3కు మాత్రం వ్యతిరేకం మెయ్2: 'యోవ్3 మెయ్2 యోవ్3?' ఉందా, లేదా?

ఇక్కడ తెలుగువారికి ఒక ఇబ్బంది ఉంది. తెలుగులో "వస్తావా, రావా?" అంటే విసుగో, బెదిరింపో వినిపిస్తుంది. చైనీస్‌లో అలాంటిదేమీ లేదు. ఎవరైనా మిమ్మల్ని అలా అడిగితే కోపం అనుకోకండి. మీరు అడగడానికి మొహమాటపడకండి. దుకాణంలో వస్తువు ఉందో లేదో తెలుసుకోవడానికి అతి మామూలు ప్రశ్న ఇదే. ఈ పద్ధతిలో చివర 'మ' చేర్చకూడదు, ఒక ప్రశ్నకు ఒక గుర్తే చాలు.

3.5 జవాబు: ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి

'ఎస్', 'నో' అనే మాటలకు సరిసమానమైనవి చైనీస్‌లో లేవు. అడిగిన క్రియనే తిరిగి చెబుతారు. 'ఛి1 ల మ?' (తిన్నారా?) అంటే 'ఛి1 ల' (తిన్నాను), లేదా 'మెయ్2 ఛి1' (తినలేదు). తెలుగులో మనం చేసేదీ ఇదే. "తిన్నారా?" అంటే "తిన్నానండీ" అంటాం, 'అవును' అని ఊరుకోం. కనుక జవాబు వినేటప్పుడు తల ఊపుళ్ల కోసం చూడక, మీరు వాడిన క్రియ తిరిగి వస్తోందా, దాని ముందు పూ4 గాని మెయ్2 గాని ఉందా అని వినండి. జరిగిపోయిన పనికి మెయ్2, జరగబోయేదానికీ అలవాటుకీ పూ4 వస్తుంది.

వ్యతిరేక ప్రశ్న విషయంలో జాగ్రత్త మరీ అవసరం. వార్డులో వైద్య విద్యార్థి రోగిని ఇలా అడిగాడనుకోండి:

నిన్2 మెయ్2 ఛి1 యావ్4 మ? – మీరు మందు వేసుకోలేదా?

(యావ్4 అంటే మందు. చైనీస్‌లో మందును 'తింటారు'.) రోగి 'త్వెయ్4' అన్నాడు. త్వెయ్4 అంటే 'మీరన్నది సరే' అని. అంటే మందు వేసుకోలేదు. ఇదే ప్రశ్నకు ఇంగ్లీషులో 'ఎస్' అంటే వేసుకున్నానని. ఇంగ్లీషు పద్ధతిలో ఆలోచించే విద్యార్థి త్వెయ్4ను 'ఎస్' అని అనువదించుకుని, కేసు కాగితంలో మందు వేసుకున్నాడని రాస్తాడు. ఆ తరువాత ఇంకో మోతాదు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం ఆ కాగితం మీద ఆధారపడి ఉంటుంది. తెలుగులో ఆలోచించేవారికి ఈ ప్రమాదం లేదు. "మందు వేసుకోలేదా?" అని అడిగితే "అవునండీ" అన్న మనిషి వేసుకోలేదనే మనమూ అర్థం చేసుకుంటాం. కాబట్టి ఈ ఒక్కచోట ఇంగ్లీషును పూర్తిగా పక్కన పెట్టండి.

ఇంతకన్నా మంచి ఉపాయం వ్యతిరేక ప్రశ్న అడగకపోవడమే. 'ఛి1 యావ్4 ల మ?' అని నేరుగా అడిగితే జవాబు 'ఛి1 ల' లేదా 'మెయ్2 ఛి1' అని వస్తుంది, సందేహానికి తావు ఉండదు.

3.6 ఎవరు, ఏమిటి, ఎక్కడ

ఇంగ్లీషులో 'ఏమిటి', 'ఎక్కడ' లాంటి మాటలు వాక్యం ముందుకు దూకుతాయి. వాటి వెంట 'డు', 'డజ్' లాంటి సహాయక్రియలు కూడా వస్తాయి. చైనీస్‌లో జవాబు ఎక్కడ ఉంటుందో ప్రశ్నమాట అక్కడే ఉంటుంది, తెలుగులో లాగానే.

నీ3 హ1 షన్2 మ? – నువ్వు ఏం తాగుతావు?
వో3 హ1 ఛా2. – నేను టీ తాగుతాను.

షన్2 మ (ఏమిటి) తీసి ఛా2 (టీ) పెట్టాం, అంతే. మనవారు టీని పిలిచే 'చాయ్' అన్న మాటకు మూలం ఈ ఛా2నే. తెలుగులో కర్మ క్రియకు ముందు వస్తుంది, చైనీస్‌లో తరువాత వస్తుంది. ఆ తేడా మామూలు వాక్యంలో ఉన్నదే, ప్రశ్న వల్ల వచ్చింది కాదు. చోటు, కాలం చెప్పే మాటలైతే మన వరుసలోనే క్రియకు ముందు వస్తాయి:

నిన్2 ౘాయ్4 నార్3 కుంగ్1 ౘ్వో4? – మీరు ఎక్కడ పని చేస్తారు?
నిన్2 షన్2 మ షి2 హోవ్ లాయ్2? – మీరు ఎప్పుడు వస్తారు?

మాటకు మాట పెట్టి చదివి చూడండి. 'ఎవరు'కు షెయ్2, 'ఎలా'కు ౘన్3 మ, 'ఎందుకు'కు వెయ్4 షన్2 మ వాడాలి. ఇలాంటి ప్రశ్నల చివర కూడా 'మ' పెట్టరు.

హైస్కూలులో త్రికసంధి చదివినవారికి ఆ, ఈ, ఏ అనే త్రికం గుర్తుండే ఉంటుంది. చైనీస్ త్రికం ఇది: చ4 (ఈ), నా4 (ఆ), నా3 (ఏ). చివరి రెండింటికి తేడా స్వరం ఒక్కటే. అలాగే నార్4 అంటే అక్కడ, నార్3 అంటే ఎక్కడ. మరుగుదొడ్డి ఎక్కడ అని అడగడానికి 'శీ3 షోవ్3 చ్యెన్1 ౘాయ్4 నార్3?' అనాలి. చివరి మాటను పై నుంచి కిందికి పడేస్తే 'మరుగుదొడ్డి అక్కడ ఉంది' అని మీరే ఎదుటివారికి దారి చెప్పినట్లవుతుంది. వారు "సరే" అన్నట్లు చూసి ఊరుకుంటారు. మనం అచ్చు మార్చి చెప్పే తేడాను వారు గొంతు మార్చి చెబుతారు. అందుచేత నార్3, నార్4 అనే జంటను రోజుకు ఇరవైసార్లు పైకి అనండి. ఈ పాఠంలో మరేదీ కంఠస్థం చేయకపోయినా ఫరవాలేదు.

దారిలో కొత్తవారిని ఏదైనా అడిగే ముందు 'ఛింగ్3 వన్4' అనాలి. 'ఒక మాట అడగవచ్చా అండీ' అన్నట్లు. ఇక్కడ కూడా స్వరం జాగ్రత్త: వన్4 అడగడం, వన్3 ముద్దు పెట్టుకోవడం.

3.7 పేరు, వయసు

చైనాలోనూ ఇంటిపేరే ముందు వస్తుంది. మర్యాదగా అడిగేది కూడా ముందుగా ఇంటిపేరే: నిన్2 క్వెయ్4 శింగ్4? 'క్వెయ్4' అంటే విలువైన అని అర్థం, 'తమ ఇంటిపేరు?' అన్నట్లు. జవాబులో క్వెయ్4 వాడకూడదు, మనల్ని మనం 'గారు' అనుకోనట్లే: వో3 శింగ్4 వాంగ్2. ఆ తరువాత ఆ వ్యక్తిని ఇంటిపేరుకు హోదా చేర్చి పిలుస్తారు, 'వాంగ్2 లావ్3 షి1' (వాంగ్ మాస్టారు) అని. మనం పేరుకు 'గారు' చేరుస్తాం, వారు ఇంటిపేరుకు చేరుస్తారు. పిల్లల్ని, తోటి విద్యార్థుల్ని 'నీ3 చ్యావ్4 షన్2 మ?' (నీ పేరేమిటి?) అని అడగవచ్చు.

వయసు అడిగే ప్రశ్న మనిషిని బట్టి మారుతుంది. చిన్నపిల్లల్ని 'నీ3 చీ3 స్వెయ్4?' అని, పెద్దవారిని 'నీ3 త్వో1 తా4?' అని, వృద్ధుల్ని 'నిన్2 త్వో1 తా4 న్యెన్2 చీ4?' అని అడగాలి. డెబ్భై ఏళ్ల పెద్దాయనను చీ3 స్వెయ్4 అని అడిగితే, "బాబూ, నీకు ఎన్నేళ్లమ్మా?" అని ముద్దుగా అడిగినట్లుంటుంది.

3.8 ఎంత, ఎన్ని

చీ3 అంటే ఎన్ని, జవాబు పదిలోపు ఉంటుందనుకున్నప్పుడు. త్వో1 షావ్ అంటే ఎంత లేదా ఎన్ని, హద్దు లేదు. గడియారం వేళకు చీ3: 'శ్యెన్4 ౘాయ్4 చీ3 త్యెన్3?' (ఇప్పుడు ఎన్ని గంటలు?) ధరకు త్వో1 షావ్: 'త్వో1 షావ్ ఛ్యెన్2?' (ఎంత డబ్బు?) ఫోన్ నంబరుకు కూడా త్వో1 షావ్ వాడతారు. మనమూ "నంబరు ఎంత?" అనే అడుగుతాం. ఫోన్ నంబరు చెప్పేటప్పుడు ఒకటిని యీ1 అనక యావ్1 అంటారు. చైనా మొబైల్ నంబర్లన్నీ ఒకటితోనే మొదలవుతాయి గనుక మీరు వినే మొదటి మాట అదే.

ధర అడగడం సులువు, వినడమే కష్టం. సి4 అంటే నాలుగు, షి2 అంటే పది. దక్షిణ చైనాలో చాలామంది 'ష'ను 'స' అనే పలుకుతారు. అప్పుడు నాలుగు సి4, పది సి2 అవుతాయి. అంటే మిగిలేది స్వరం ఒక్కటే: ఠక్కున పడితే నాలుగు, లేస్తే పది. సందేహం వస్తే కాలిక్యులేటరు ముందుకు జరపండి, అక్కడి దుకాణదారులు కూడా అదే చేస్తారు. మోతాదులు, మాత్రల సంఖ్య అయితే కాగితం మీద రాయించుకోవడమే మంచిది.

3.9 జవాబు అక్కరలేని ప్రశ్నలు

'నీ3 ఛి1 ల మ?' (తిన్నావా?) అనేది పెద్ద తరం చైనీయుల పలకరింపు. మన "భోజనం అయిందా?" లాంటిదే. తిననివారు కూడా 'ఛి1 ల' అనేస్తారు. 'ఛ్యూ4 నార్3?' (ఎక్కడికి?) కూడా పలకరింపే. బయలుదేరేవారిని "ఎక్కడికి?" అని అడగకూడదని మన ఇళ్లలో పట్టింపు ఉంది. అక్కడ అది లేదు. పక్కింటి ఆమె మిమ్మల్ని అలా అడిగితే ఆరా తీస్తోందని అనుకోకండి, అశుభమనీ అనుకోకండి. ఆమెను ఆ1 యీ2 (పిన్నిగారు లాంటి పిలుపు) అని పలకరించి చిన్న జవాబు ఇచ్చి సాగిపోండి. పరాయివారిని చుట్టరికంతో పిలవడం వారికీ అలవాటే.

3.10 ఆసుపత్రిలో ఒక చిన్న సంభాషణ

(సంభాషణలో 'షూ1 ఫు' అన్నచోట 'ఫ'ను ఫ్యానులోని ధ్వనిలా పలకండి.)

విద్యార్థి: నిన్2 నార్3 పూ4 షూ1 ఫు? (మీకు ఎక్కడ బాగా లేదు?)
రోగి: థోవ్2 థంగ్2. (తలనొప్పి.)
విద్యార్థి: త్వో1 ఛాంగ్2 షి2 చ్యెన్1 ల? (ఎంతకాలంగా?)
రోగి: లియాంగ్3 థ్యెన్1 ల. (రెండు రోజులుగా.)
విద్యార్థి: ఛి1 యావ్4 ల మ? (మందు వేసుకున్నారా?)
రోగి: మెయ్2 ఛి1. (వేసుకోలేదు.)

రోగి ఇంతకన్నా ఎక్కువే మాట్లాడతాడు, అదీ తన ఊరి యాసలో. అప్పుడు 'థింగ్1 పు తుంగ్3' (విన్నాను గాని అర్థం కాలేదు) అని, 'ఛింగ్3 ౘాయ్4 ష్వో1 యీ2 ప్యెన్4' (దయచేసి ఇంకోసారి చెప్పండి) అని అడగండి. అర్థమైనట్లు తల ఊపడం మాత్రం వద్దు. కొత్త మాట కావలసినప్పుడు వస్తువును చూపి 'చ4 క చుంగ్1 వన్2 ౘన్3 మ ష్వో1?' (దీన్ని చైనీస్‌లో ఎలా అంటారు?) అని అడగండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 'థా1 ౘాయ్4 పెయ్3 చింగ్1' (అతను పెయ్‌చింగ్‌లో ఉన్నాడు). ఈ జవాబు రాబట్టే ప్రశ్న ఏది?
2. 'మీరు టీ తాగుతారా?' అనే ప్రశ్నను రెండు పద్ధతులలో అడగండి.
3. 'నిన్2 పూ2 ఛ్యూ4 మ?' (మీరు వెళ్లరా?) అంటే ఎదుటివారు 'త్వెయ్4' అన్నారు. వారు వెళ్తారా?
4. మూడో ప్రశ్నలో పూ4 ఎందుకు పూ2గా మారింది?

జవాబులు

1. థా1 ౘాయ్4 నార్3?
2. నిన్2 హ1 ఛా2 మ? లేదా నిన్2 హ1 పు హ1 ఛా2?
3. వెళ్లరు.
4. 4వ స్వరం ఉన్న మాటకు ముందు వచ్చినప్పుడు పూ4 స్వరం 2గా మారుతుంది. ఈ మార్పును పాఠంలో ఎక్కడా చెప్పలేదు. మరో ఉదాహరణ: పూ2 షి4 (కాదు).